పట్టింది దెయ్యమా, పిచ్చా?

మనిషి మతి మెల్లమెల్లగా చెదిరిపోవడాన్ని ఆ మనిషి లోపలి నుంచి చూపే సినిమాను సైకలాజికల్ హారర్ అంటారు. మామూలు దెయ్యం సినిమాలో భయం బయటి నుంచి వస్తుంది. పాడుబడ్డ బంగళా ఉంటుంది, అందులో పగ తీరని ఆత్మ ఉంటుంది, చివర్లో మాంత్రికుడు వచ్చి దాన్ని బంధిస్తాడు. సైకలాజికల్ హారర్‌లో ఆ బంగళా, ఆ ఆత్మ రెండూ పాత్ర తలలోనే ఉండవచ్చు. తలుపు చాటున నిజంగా ఎవరైనా నిలబడ్డారా, నిలబడ్డట్టు ఆ పాత్రకు అనిపిస్తోందా అన్నది చూసేవాళ్లకు తేలదు. ఆ తేలకపోవడమే ఈ తరహా సినిమాకు ప్రాణం.

ఈ సందేహం తెలుగువాళ్లకు భాషతోపాటే వచ్చింది. జ్వరం వస్తుంది, దెబ్బ తగులుతుంది; కానీ దెయ్యం పట్టింది అంటాం, పిచ్చి పట్టింది అనీ అంటాం. రెండింటికీ ఒకటే క్రియ. హైదరాబాద్ పాతబస్తీలో తెలుగుకు తోడుగా వినిపించే ఉర్దూలోనూ ఇదే ముడి కనిపిస్తుంది. మతి తప్పినవాణ్ణి 'మజ్నూన్' అంటారు. ఈ అరబీ మాటకు మూలార్థం జిన్ను ఆవహించినవాడని. ప్రేమలో ఒళ్లు మరిచినవాడికి పెట్టే మజ్నూ పేరు, ఒక పని మీద ఉండే వెర్రి మమకారానికి వాడే 'జునూన్' అన్న మాట ఆ కుదుటి నుంచి మొలిచినవే. ఇలా రెండు భాషలు మాట్లాడే ఊళ్లో రెండు భాషలూ పిచ్చిని, దెయ్యాన్ని ఒకే తాడుతో కట్టాయి. తెలుగు తెర మీద మతి చెదిరిన మనుషుల కథలన్నీ ఆ తాడును విప్పడమో, ఇంకా బిగించడమో చేస్తూ వచ్చాయి.

భయం ఎలా పుడుతుంది

ఈ తరహా సినిమాకు మొదటి మెట్టు 1920లో జర్మనీలో పడింది. రాబర్ట్ వీనే తీసిన మూకీ చిత్రం 'ద క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి'లో గోడలు, కిటికీలు, వీధులు అన్నీ వంకరటింకరగా ఉంటాయి. కథ చెబుతున్న యువకుడు పిచ్చాసుపత్రిలో రోగి అని చివర్లో తెలిశాక ఆ వంకరలు ఎవరి కళ్లవో అర్థమవుతుంది. 1965లో రోమన్ పొలాన్‌స్కీ తీసిన 'రిపల్షన్'లో లండన్ ఫ్లాట్‌లో ఒంటరిగా మిగిలిన యువతికి గోడలు పగులుతున్నట్టు, వాటిలోంచి చేతులు చొచ్చుకొస్తున్నట్టు కనిపిస్తుంది. వండకుండా వదిలేసిన కుందేలు మాంసం కుళ్లిపోతుంటే ఎన్ని రోజులు గడిచాయో చూసేవాళ్లకు తెలుస్తుంది, ఆమెకు తెలియదు. 1980లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'ద షైనింగ్' మంచులో చిక్కుకున్న ఖాళీ హోటల్లో ఒక రచయిత మతి జారిపోవడాన్ని చూపింది.

ఈ సినిమాల పనితనంలో కొన్ని ఉమ్మడి పద్ధతులున్నాయి. మొదటిది చూపు. కెమెరా ఒక్క పాత్రకే అంటిపెట్టుకుంటుంది కాబట్టి ఆమె చూసిందే ప్రేక్షకుడూ చూస్తాడు, ఆమె పొరబడితే తానూ పొరబడతాడు. రెండోది ఇల్లు. కథ నాలుగు గోడల మధ్య ఇమిడిపోతుంది. తలుపులు, మెట్లు, మూసి ఉన్న గది, అన్నీ మనసులోని అరల్లా పనిచేస్తాయి. మూడోది చప్పుడు. కారుతున్న కుళాయి, గడియారం, ఫోను మోత వంటి రోజువారీ చప్పుళ్లు ఒక్కో పిసరు పెరుగుతూ భరించలేనంత అవుతాయి. నాలుగోది చుట్టూ ఉన్నవాళ్లు నమ్మకపోవడం. తనకు కనబడుతున్నది ఎదుటివాళ్లకు కనబడటం లేదని తెలిసిన క్షణం నుంచి ఆ మనిషి ఒంటరి. చాలా సినిమాల్లో అన్నిటికంటే ఎక్కువ వణికించేది ఈ ఒంటరితనమే.

ఈ పద్ధతులన్నీ ఒక్కచోట కలిసిన ఉదాహరణ తెలుగు దర్శకుడు రామ్ గోపాల్ వర్మ హిందీలో తీసిన 'కౌన్'. 1999లో వచ్చిన ఈ సినిమాకు కథ రాసింది అనురాగ్ కశ్యప్. పాటలు లేవు. ప్రధాన పాత్రలు మూడే, ఇల్లు ఒకటే. బయట హోరున వాన. ఊర్మిళా మాతోండ్కర్ నటించిన పాత్రకు పేరు కూడా ఉండదు. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆమె, వరుస హత్యలు చేసేవాడెవడో ఊళ్లో తిరుగుతున్నాడని టీవీలో వింటుంది. కాసేపటికి కాలింగ్ బెల్ మోగుతుంది. తలుపు సందులోంచి చూస్తే వానలో తడుస్తూ ఒక అపరిచితుడు. మనోజ్ బాజ్‌పాయ్ చేసిన ఆ పాత్ర మాటకారి, వదిలిపోడు. ఆ తర్వాత సుశాంత్ సింగ్ చేసిన రెండో మనిషి వస్తాడు. ఈ ఇద్దరిలో హంతకుడు ఎవరా అని ప్రేక్షకుడు సినిమా పొడుగునా లెక్కలు వేస్తుంటాడు. చివరికి తేలేదేమిటంటే, ప్రేక్షకుడు ఎవరి భయాన్ని తన భయంగా చేసుకుని కూర్చున్నాడో ఆమె మతే చెదిరి ఉంది. అంతసేపూ కెమెరా అబద్ధం చెప్పలేదు. ఆమె భయం నిజమే. ఆ భయానికి కారణం మాత్రం బయట లేదు.

తెలుగు తెర మీద

తెలుగులో మతి తప్పిన మనిషి కథకు గట్టి పునాది వేసింది హారర్ సినిమా కాదు. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన 'చివరకు మిగిలేది'లో సావిత్రి మానసిక వైద్యశాలలో నర్సు. అశుతోష్ ముఖర్జీ బెంగాలీ కథ దీనికి ఆధారం. ప్రేమ దెబ్బతిని మతి చలించిన రోగులకు ప్రేమించినట్టు నటించి నయం చేయడం ఆమెకు అప్పగించిన చికిత్స. రోగి కోలుకుని వెళ్లిపోతాడు, నటన అనుకున్నది ఆమెలో నిజమై మిగిలిపోతుంది. వైద్యం చేసిన చోటే ఆమె చివరికి రోగిగా చేరుతుంది. ఇందులో దెయ్యం లేదు, మంత్రం లేదు. మనసు ఎంత బరువు మోయగలదో, ఎక్కడ విరుగుతుందో సావిత్రి ముఖం మీద కనిపిస్తుంది. పిచ్చిని దెయ్యం నుంచి విడదీసి, ఒక మనిషికి కలిగిన కష్టంగా చూపిన సినిమా ఇది.

ఆ దారిలో తెలుగు సినిమా ఎక్కువ దూరం నడవలేదు. పత్రికల్లో సీరియళ్లు ఇంటింటా చదివిన కాలంలో యండమూరి వీరేంద్రనాథ్ నవల 'తులసిదళం' మంత్రగాళ్లను, వైద్యులను ఒకే కథలో ఎదురెదురుగా నిలబెట్టింది. చేతబడా, జబ్బా అన్న వాదన ఆ రోజుల్లో నవల దాటి ఇళ్లలోకి వచ్చింది. సినిమాలో ఆ వాదనకు బలమైన రూపం 1992లో వచ్చిన 'రాత్రి'. రామ్ గోపాల్ వర్మ దీన్ని తెలుగులో 'రాత్రి'గా, హిందీలో 'రాత్'గా తీశాడు. రేవతి కాలేజీ అమ్మాయి. ఆమె కుటుంబం కొత్త ఇంట్లోకి మారుతుంది. ఆ తర్వాత ఆమె తీరు మారుతుంది. పీడకలకూ మెలకువకూ మధ్య గీత చెరిగిపోతుంది. ఇంట్లోవాళ్లు ఒక పక్క డాక్టరు మాట, ఇంకో పక్క ఓం పురి చేసిన మాంత్రికుడి మాట వింటూ నలిగిపోతారు. సినిమా చివరికి మాంత్రికుడి వైపే మొగ్గింది. అయినా మొదటి సగంలో ఆ కుటుంబం పడే అయోమయం అచ్చంగా సైకలాజికల్ హారర్ నేల మీదిదే. ఛాయాగ్రహణం తేజది. ఇంట్లోని మామూలు మూలల మీద కెమెరా అలా తచ్చాడుతుంటే ఏ దెయ్యమూ కనబడకుండానే ఒళ్లు జలదరిస్తుంది.

పిచ్చి, దెయ్యం అన్న ముడిని విప్పడానికి దక్షిణాదిలో జరిగిన పెద్ద ప్రయత్నం 1993 నాటి మలయాళ చిత్రం 'మణిచిత్రతాళ్'. ఫాజిల్ దర్శకుడు, కథ మధు ముట్టంది. ఇందులో నటించిన శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. కన్నడంలో 'ఆప్తమిత్ర', తమిళంలో 2005లో 'చంద్రముఖి', హిందీలో 'భూల్ భులయ్యా'గా ఆ కథ ఊళ్లన్నీ తిరిగింది. 'చంద్రముఖి' అనువాదమై తెలుగులోనూ విపరీతంగా ఆడింది. పి. వాసు తీసిన తమిళ కథలో చంద్రముఖి విజయనగరానికి చెందిన నర్తకి. అందుకే తమిళ సినిమాలో కూడా కథానాయిక గంగ ఒంట్లోంచి చంద్రముఖి పలికేటప్పుడు తెలుగే పలుకుతుంది.

ఆ సినిమాలో అందరికీ గుర్తుండిపోయిన ఘట్టం ఒకటుంది. బయటికి వెళ్లొద్దని భర్త వారిస్తాడు. గంగగా నటించిన జ్యోతిక మొదట బతిమాలుతుంది. తర్వాత గొంతు ఒక్క మెట్టు దిగుతుంది, కళ్లు పెద్దవవుతాయి, పక్కనున్న బరువైన మంచాన్ని ఒంటిచేత్తో ఎత్తేస్తుంది. మరుక్షణం తనేం చేసిందో తెలియని గంగ మిగులుతుంది. చూసేవాళ్లకు అది దెయ్యమే. రజనీకాంత్ వేసిన మానసిక వైద్యుడి పాత్ర మాత్రం దాన్ని విడిపోయిన వ్యక్తిత్వంగా గుర్తిస్తుంది. చిన్నప్పటి నుంచి లోపల దాచుకున్న కథలు, పాత మహలు, అందులో విన్న విషాదం కలిసి గంగలో రెండో మనిషిని తయారు చేశాయని ఆ డాక్టరు చెబుతాడు. చికిత్సలో అతను మాంత్రికుణ్ణి తరిమేయడు, తోడు చేసుకుంటాడు. చంద్రముఖి పగ తీరినట్టు గంగను నమ్మించడానికి పూజ, ముగ్గు, మంటలు అన్నీ వాడుకుంటాడు. నిజ జీవితంలో ఇలాంటి జబ్బు ఒక్క రాత్రి నాటకంతో కుదురుకోదు. అయినా ప్రేక్షకులు వైద్యుడి వివరణకు చప్పట్లు కొట్టడం ఈ కథ సాధించిన పెద్ద విజయం.

ఆ తర్వాత మెల్లగా వైద్యశాస్త్రం మాటలు తెలుగు తెర మీదికి చేరాయి. 2005లో శంకర్ 'అపరిచితుడు' ఒకే మనిషిలో మూడు వ్యక్తిత్వాలను చూపి ఆ జబ్బు పేరును వీధుల్లోకి తెచ్చింది. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన 'అ!'లో ఒక రెస్టారెంట్ చుట్టూ తిరిగే రకరకాల మనుషులు కనిపిస్తారు. వాళ్లంతా కాజల్ అగర్వాల్ పాత్ర అయిన కలి అనే ఒక్క అమ్మాయి మనసులోని ముక్కలే అని చివర్లో తెలుస్తుంది. బాల్యంలో పడిన గాయాలు ఒక మనిషిని ఎన్ని ముక్కలు చేస్తాయో ఆ సినిమా దెయ్యం సాయం లేకుండా చెప్పింది. మేకప్, స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో జాతీయ పురస్కారాలు అందుకుంది.

2019లో అశ్విన్ శరవణన్ తెలుగు, తమిళ భాషల్లో తీసిన 'గేమ్ ఓవర్' ఈ తరహాకు చాలా దగ్గరగా వచ్చింది. తాప్సీ పన్ను నటించిన స్వప్న వీడియో గేములు తయారు చేస్తుంది. ఒక దారుణమైన అనుభవం తర్వాత ఆమెకు చీకటి అంటే ఊపిరాడదు. ఆ ఘోరం జరిగిన రోజు క్యాలెండర్‌లో దగ్గర పడేకొద్దీ ఒళ్లు దానంతటదే వణకడం మొదలవుతుంది. మానసిక వైద్యులు దీన్ని యానివర్సరీ రియాక్షన్ అంటారు. ఇంట్లో ఆమెకు తోడు పనిమనిషి కళమ్మ ఒక్కతే. చేతి మీద వేయించుకున్న టాటూ ఉన్నట్టుండి మంటపుడుతుంది. ఆ రంగులో చనిపోయిన ఒక అమ్మాయి చితాభస్మం కలిసిందని తర్వాత తెలుస్తుంది. ఆ నొప్పి మనసుదా, ఆత్మదా అన్నది సినిమా తేల్చదు. కానీ భయంతో బతికే మనిషికి ఒక్కో రాత్రి ఎంత పొడుగో మాత్రం చూపిస్తుంది.

2022లో సాయికిరణ్ తొలి చిత్రం 'మసూద' ముస్లిం ఇళ్లలోని నమ్మకాల లోకాన్ని తెలుగు హారర్‌లోకి తెచ్చింది. హైదరాబాద్‌లో భర్త నుంచి విడిపోయి కూతురు నాజియాతో బతుకుతున్న టీచరు నీలంగా సంగీత, వాళ్లకు సాయం చేసే పక్కింటి కుర్రాడిగా తిరువీర్, దెయ్యాన్ని ఎదుర్కొనే రిజ్వాన్ బాబాగా శుభలేఖ సుధాకర్ నటించారు. కథ ఆత్మ వైపే నిలబడింది. అయినా కూతురి ప్రవర్తన మారిన ఇంట్లో ఒంటరి తల్లికి కలిగే బెదురు, ఎవరికి చెప్పుకోవాలో తెలియని దిగులు హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లకు తెలిసినవే.

పాతబస్తీలో రెండు దారులు

పాతబస్తీలో ఒక ఆడపిల్ల నాలుగు రాత్రులు నిద్రపోకుండా, తిండి మానేసి, గోడకేసి మాట్లాడుతుంటే ముస్లింల ఇంట్లో పెద్దవాళ్లు 'అసర్ (ప్రభావం) ఉంది', 'సాయా (నీడ) పడింది' అంటారు. హిందువుల ఇంట్లో అయితే 'గాలి సోకింది' అంటారు. గురువారం సాయంత్రం దర్గాకు తీసుకెళతారు. అక్కడ సాంబ్రాణి పొగ, నెమలి ఈకల కట్టతో తల మీద నుంచి కిందికి దులపడం, దువా చదివి ఊదిన నీళ్లు తాగించడం, మెడలో తాయెత్తు కట్టడం జరుగుతాయి. దర్గా మెట్ల మీద ముసల్మానులతోపాటు హిందువులూ కూర్చుంటారు. ఆ కూర్చోవడంలో ఓదార్పు ఉంది. తమ కష్టం విన్నవాళ్లు ఒకరున్నారని, పదిమందిలో తామొక్కరే కాదని ఆ కుటుంబానికి ధైర్యం కలుగుతుంది. దీన్ని చిన్నచూపు చూడటం తగదు.

అదే పాతబస్తీకి రెండో వారసత్వం కూడా ఉంది. 1591లో నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కొద్ది ఏళ్లకే, 1595లో, పురానీ హవేలీ దగ్గర దారుల్‌షిఫా కట్టించాడు. నడుమ పెద్ద ప్రాంగణం, చుట్టూ రెండంతస్తుల గదులతో అది ఆసుపత్రి, యునానీ వైద్యం నేర్పే బడి కూడా. ఆ పేట ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. యునానీ వైద్యం మతి చలించడాన్ని శరీరానికి వచ్చిన జబ్బుగానే చూసింది. ఒంట్లోని నాలుగు ధాతువుల్లో నల్ల పిత్తం, అంటే సౌదా, మితిమీరితే 'మాలీఖూలియా' అనే దిగులు జబ్బు వస్తుందని చెప్పింది. ఉర్దూలో పిచ్చివాడికి ఉన్న ఇంకో పేరు 'సౌదాయీ' ఈ సౌదా నుంచే వచ్చింది. అంటే పిచ్చికి జిన్ను నుంచి వచ్చిన మాట ఒకటి, ఒంటి నుంచి వచ్చిన మాట ఒకటి ఒకే భాషలో పక్కపక్కనే బతికాయి. నల్ల పిత్తం లెక్క ఈనాటి వైద్యం ఒప్పుకునేది కాదు. కానీ మతి తప్పడం జబ్బు, జబ్బుకు మందు ఉంటుంది అన్న ఆలోచన చార్మినార్ నీడలో నాలుగు శతాబ్దాలుగా ఉన్నదే.

నేటి హైదరాబాద్‌లో ఆ ఆలోచనకు చిరునామా ఎర్రగడ్డ మానసిక వైద్యశాల. అయితే ఆ పేరే ఊళ్లో తిట్టుగా మారింది. ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే 'వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి' అంటారు. ఆ ఒక్క మాట వల్ల ఎన్నో కుటుంబాలు ఆసుపత్రి గేటు దాకా వెళ్లి వెనక్కి తిరుగుతాయి. దర్గాకు వెళితే ఎవరూ ఏమీ అనరు. ఆసుపత్రికి వెళితే పిల్లకు పెళ్లి కాదేమోనన్న భయం పట్టుకుంటుంది.

సినిమా చెప్పనిది

వైద్యుల లెక్కలో మతి చలించడం ఒక్క రాత్రిలో జరిగేది కాదు. నిద్ర తగ్గడం, నలుగురిలో కలవడం మానడం, చదువులోనో పనిలోనో వెనకబడటం, ఎవరో తనను గమనిస్తున్నారన్న అనుమానం ముందుగా వస్తాయి. ఎదుట ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించడం స్కిజోఫ్రీనియాలో తరచుగా కనిపించే లక్షణం. ఒంట్లోకి వేరెవరో వచ్చినట్టు మారిపోవడాన్ని కూడా వైద్యం గుర్తించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11లో పూనకం వంటి స్థితికి విడిగా ఒక పేరు ఉంది. జాతరలో, పండగలో ఆచారంగా వచ్చే పూనకాన్ని జబ్బుగా లెక్కించరు. మనిషికి ఇష్టం లేకుండా మళ్లీ మళ్లీ వచ్చి, బతుకును కష్టపెట్టేదే జబ్బు.

హారర్ సినిమాలు ఇక్కడే ఒక అన్యాయం చేస్తాయి. మతి చెదిరినవాళ్లను హంతకులుగా చూపడం వాటికి అలవాటు. నిజంలో మానసిక జబ్బున్నవాళ్లలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. ఎదుటివాళ్ల చేతిలో హాని పొందేదే ఎక్కువ. ఆ హాని ఎంత దూరం వెళ్లగలదో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దేశం చూసింది. దర్గా దగ్గర నడుస్తున్న ఒక ఆశ్రయంలో తెల్లవారుజామున మంటలు అంటుకున్నాయి. గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది, వైద్యం పొందడం వాళ్ల హక్కు అని చెప్పింది.

అయినా చికిత్స అందరికీ చేరడం లేదు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో వందకు పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. దర్గా, గుడి, భూతవైద్యుడు, చివరికి డాక్టరు అన్న వరుసలో నెలలు, ఏళ్లు గడిచిపోతాయి. జబ్బు ముదిరాక మందు పనిచేయడానికి ఎక్కువ కాలం పడుతుంది. తొలిసారి లక్షణాలు కనబడినప్పుడే మందు మొదలైతే చాలామంది కోలుకుని చదువుకో, కొలువుకో తిరిగి వెళతారు.

చంద్రముఖి కథలో డాక్టరు మాంత్రికుణ్ణి కాదనకపోవడం ఇక్కడ పనికొచ్చే పాఠం. గురువారం దర్గాకు వెళ్లిన కుటుంబం శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్లడానికి అడ్డేమీ లేదు. తాయెత్తు మెడలో ఉండగానే మాత్ర వేసుకోవచ్చు. పట్టింది దెయ్యమా, పిచ్చా అన్న ప్రశ్నను తేల్చకుండా వదిలేయడం సినిమాకు అందం. ఇంట్లో నాలుగు రాత్రులుగా నిద్రపోని మనిషి ఉన్నప్పుడు మాత్రం ఆ ప్రశ్న తేలేదాకా ఆగకూడదు. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడుతుంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియని తల్లికి అది మొదటి తలుపు.